రాయబారికి సాహిత్యం ఎందుకు? పాత ఓరుగల్లు జిల్లా చెప్పే జవాబు

జనగామ వైపు ఊర్లలో ఇద్దరు అన్నదమ్ములకు పొలం గట్టు కాడ పంచాయితీ వచ్చి మాటలు బందైతే, ఎవరో ఒక పెద్దమనిషి ఇద్దరి ఇండ్ల నడుమ తిరుగుతాడు. ఆయన్ను చూసి జనం "రాయబారం నడుపుతుండు" అంటారు. ఆ పని చూడటానికి తేలిక. అన్న కోపంలో అన్న మాటను ఉన్నదున్నట్టు తమ్ముడికి చెప్తే కట్టెలు లేస్తాయి. పూర్తిగా దాచి తియ్యగా చెప్తే అది అబద్ధమవుతుంది, రేపు బయటపడితే ఇద్దరూ కలిసి పెద్దమనిషినే తిడతారు. మాట మారొద్దు, మంట పుట్టొద్దు. ఈ రెండింటి నడుమ సన్నటి దారి దొరికినవాడే రాయబారి.

ఈ మాట మన ఊర్లకు భారతం నుంచి వచ్చింది. తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవ సభకు రాయబారిగా పోతాడు. తిరుపతి వేంకట కవుల నాటకాల పుణ్యమా అని ఆ రాయబారం పద్యాలు తెలుగునాట ఊరూరా వినపడ్డాయి. చదువు రానివాళ్ళకు కూడా నోటికొచ్చాయి. చిత్రమేమంటే ఆ రాయబారం ఫలించలేదు, యుద్ధం ఆగలేదు. అయినా సభలో ఆయన ఏం మాట్లాడాడో జనానికి ఇప్పటికీ గుర్తుంది. ఉర్దూలో రాయబారిని సఫీర్ అంటారు, ఆయన దఫ్తరు సఫారత్‌ఖానా. పేరు ఏదైనా పని ఒకటే: ఒకరి మాటను ఇంకొకరి చెవికి చేర్చడం.

సాహిత్యంతో ఈ ఉద్యోగానికి ఉన్న చుట్టరికం ప్రపంచమంతా కనపడుతుంది. చిలీ కవి పాబ్లో నెరూడా యువకుడిగా ఉన్నప్పుడు 1927లో రంగూన్‌లో కాన్సుల్‌గా చేరాడు, ఆ తర్వాత కొలంబోలో పనిచేశాడు. మెక్సికో కవి ఆక్టావియో పాజ్ 1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో రాయబారి. తన దేశంలో ప్రభుత్వం విద్యార్థులపై కాల్పులు జరిపిందని తెలిసి, ఆ కుర్చీ నుంచి తప్పుకున్నాడు. అరబ్బీ కవి నిజార్ ఖబ్బానీ సిరియా విదేశాంగ శాఖలో దాదాపు ఇరవై ఏండ్లు ఉండి, 1966లో బయటికొచ్చాడు. ఉర్దూ పాఠకులను కడుపుబ్బ నవ్వించిన పత్రస్ బుఖారీ 1950లలో ఐక్యరాజ్య సమితిలో పాకిస్తాన్ ప్రతినిధి. వీళ్ళలో చాలామందికి ఉద్యోగం కడుపు నింపింది, కవిత్వం పేరు తెచ్చింది అని సరిపెట్టుకోవచ్చు. కానీ అసలు సంబంధం అంతకంటే లోతుగా ఉంది. అది కవిగా పేరు రావడంలో లేదు, మాటను తూచడంలో ఉంది.

ఒక ఉదాహరణ చాలు. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ పాలస్తీనా భూభాగాలతో పాటు ఈజిప్టు, సిరియాల నేల కూడా ఆక్రమించింది. ఆ నవంబరులో భద్రతా మండలి 242 నంబరు తీర్మానం చేసింది. యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి సైన్యం వెనక్కి పోవాలన్నది అందులో ఒక షరతు. ఇంగ్లీషు పాఠంలో "భూభాగాలు" అనే మాట ముందు "ది" అనే చిన్న పదం లేదు. ఫ్రెంచి పాఠంలో మాత్రం దానికి సమానమైన పదం ఉంది. ఇంగ్లీషు పాఠం పట్టుకున్నవాళ్ళు "అన్ని భూభాగాలూ అని ఎక్కడుంది?" అన్నారు. ఫ్రెంచి పాఠం పట్టుకున్నవాళ్ళు "ఆ భూభాగాలు అంటే అన్నీ అనే కదా" అన్నారు. యాభై ఏండ్లు దాటినా ఆ వాదన తెగలేదు. తెలుగులో అట్లాంటి పదమే లేదు, ఉర్దూలోనూ లేదు. దీన్ని మన భాషల్లోకి అనువదించేవాడు ఎటో ఒకవైపు మొగ్గక తప్పదు. మూడు అక్షరాల పదం లక్షలమంది ఇండ్లూ వాకిళ్ళ లెక్క మార్చగలిగితే, ఆ కుర్చీలో కూర్చునేవాడికి సాహిత్యం చదివిన చెవి ఉండాలా వద్దా?

ఇక మన నేలకు వద్దాం. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగేదాకా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ పాత వరంగల్ జిల్లాలోవే. ఇక్కడ ఒక మనిషి రెండు మూడు భాషల్లో బతకడం కొత్త ముచ్చట కాదు. పాలకుర్తి పాల్కురికి సోమనాథుడి ఊరని ప్రసిద్ధి. ఆయన తెలుగుతో పాటు కన్నడ, సంస్కృతాల్లో కూడా రాశాడు. ఆయన తెలుగు బసవపురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకుపోయాడు. పోతన పేరు చెప్పుకునే బమ్మెర కూడా ఆ పక్కనే. తర్వాత నిజాం కాలంలో బడి చదువు, కచేరీ కాగితం, కోర్టు వాదన అన్నీ ఉర్దూలో నడిచాయి. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కోసం అంతకు ముందు ఏడే దారుల్ తర్జుమా అని ఒక అనువాద సంస్థను పెట్టి, వైద్యం నుంచి చరిత్ర దాకా పుస్తకాలను ఉర్దూలోకి తెప్పించారు. తెలుగు బిడ్డకు సొంత భాషలో చదువు దక్కలేదన్నది ఆ రోజుల నిజం, ఆ కడుపుమంట న్యాయమైనది. అదే చదువు ఆ బిడ్డ చేతికి రెండో భాషను ఇచ్చిందన్నది కూడా నిజమే.

ఆ తరంలోంచి వచ్చినవారే పీవీ నరసింహారావు. 1921 జూన్ 28న నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టారు. వంగరలో పెరిగారు. హన్మకొండలో చదివారు. వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉస్మానియా పరిధిలో చదువు లేకుండా పోతే మహారాష్ట్ర వైపు వెళ్ళి చదువు పూర్తిచేశారు. అక్కడ మరాఠీ బాగా పట్టుబడింది. తిరిగొచ్చాక పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి "కాకతీయ" పత్రిక నడిపారు. 1949లో "విజయ" అనే కలం పేరుతో "గొల్ల రామవ్వ" కథ రాశారు. పోలీసులు వెంటాడుతున్న యువకుణ్ణి తన గుడిసెలో దాచిపెట్టిన ఒక ముసలవ్వ కథ అది. రామవ్వ మాట్లాడేది పుస్తకాల తెలుగు కాదు, అచ్చం మన ఊరి భాష. గుడిసె గడపలో నిలబడి సర్కారు మనుషులతో మాట్లాడి ఒక ప్రాణం కాపాడిన ఆ అవ్వ కూడా ఒకరకం రాయబారే. ఆ కథ రాసినప్పుడు పీవీకి ముప్పై కూడా నిండలేదు.

1957 నుంచి వరసగా నాలుగుసార్లు మంథని నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. నేడు భూపాలపల్లి జిల్లాలో ఉన్న కాటారం, మహాదేవపూర్ మండలాలు ఇప్పటికీ ఆ నియోజకవర్గంలోవే. గోదావరి అవతల గడ్డ మహారాష్ట్ర. కాళేశ్వరం రేవులో నిలబడితే తెలుగు, మరాఠీ రెండూ చెవిన పడతాయి. పీవీ అనువాదాలు కూడా తెలుగులోకి, తెలుగులోంచి రెండు దిక్కులకూ నడిచాయి. హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను "అబల జీవితం" పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ "వేయిపడగలు"ను "సహస్రఫణ్" పేరుతో హిందీలోకి తీసుకెళ్ళారు. విశ్వనాథ వాక్యం తెలుగువాళ్ళకే ఒక పట్టాన మింగుడుపడదు. దాన్ని హిందీలో నిలబెట్టాలంటే పదానికి పదం పెడితే నడవదు. రచయిత ఏం అనలేదో కూడా అనువాదకుడికి తెలిసుండాలి. విశ్వనాథ లోకదృష్టికి, భూసంస్కరణలు తెచ్చిన కాంగ్రెస్ నాయకుడి రాజకీయానికి చాలా దూరం ఉంది. తనకు నచ్చినా నచ్చకపోయినా ఎదుటివాడి మాటను వాడి బలం తగ్గకుండా చెప్పడం అక్కడే అలవాటైంది అనుకోవచ్చు.

1980లో ఆయన విదేశాంగ మంత్రి అయ్యారు. 1984 దాకా ఒకసారి, 1988-89లో మరోసారి ఆ శాఖ చూశారు. 1983 మార్చిలో ఢిల్లీలో అలీన దేశాల శిఖరాగ్ర సభ జరిగినప్పుడు మంత్రి ఆయనే. స్పానిష్ నేర్చుకున్నారు. ఉర్దూ, ఫార్సీ చిన్ననాటి చదువులోంచే వచ్చాయి. ప్రధానిగా ఉన్నప్పుడు 1993 సెప్టెంబరులో చైనాతో వాస్తవాధీన రేఖ వద్ద శాంతి కోసం ఒప్పందం కుదిరింది. అందులో ఒక చిన్న షరతు చదవాలి. ఈ రేఖ గురించి ఇక్కడ రాసినంత మాత్రాన సరిహద్దుపై ఎవరి వాదన వాళ్ళు వదులుకున్నట్టు కాదు అన్నది దాని సారం. మన పొలం గట్టు పంచాయితీ పెద్దమనిషి కూడా ఇదే చేస్తాడు. "హద్దు సంగతి కోర్టు తేలుస్తుంది, అప్పటిదాకా ఎవరూ కట్టెలు పట్టుకోవద్దు" అని ఇద్దరితో ఒప్పిస్తాడు.

1994 ఆరంభంలో జెనీవాలో మానవ హక్కుల సంఘం ముందుకు కాశ్మీర్‌పై పాకిస్తాన్ తీర్మానం వచ్చింది. దాన్ని ఎదుర్కోవడానికి పీవీ పంపిన బృందానికి నాయకుడు ప్రతిపక్ష నేత వాజ్‌పేయి. ఆయన హిందీ కవి, ఒకప్పటి విదేశాంగ మంత్రి. ఫారూక్ అబ్దుల్లా, సల్మాన్ ఖుర్షీద్, దౌత్యవేత్త హమీద్ అన్సారీ ఆ బృందంలో ఉన్నారు. ఇరాన్, చైనాలు నచ్చజెప్పడంతో పాకిస్తాన్ చివరికి ఓటింగ్ దాకా పోకుండానే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

ఇక్కడ ఆగితే కథ అందంగా ఉంటుంది. కానీ సగమే అవుతుంది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలిన రోజు ప్రధాని కుర్చీలో ఉన్నది కూడా ఈయనే. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మసీదుకు ఏమీ కానివ్వబోమని సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. కేంద్రం ఆ మాటను నమ్ముకుంది. మాటలను జీవితాంతం తూచిన మనిషి ఆ ఒక్క మాటను ఎట్లా తూచారో అర్థం కాదు. మసీదు కూలాక, మళ్ళీ కట్టిస్తామని ఆయన ప్రకటించారు. అదీ జరగలేదు. పదవిలో లేనప్పుడు రాసి, తాను పోయాకే రావాలనుకున్న ఆయన పుస్తకం "అయోధ్య: 6 డిసెంబర్ 1992" 2006లో వెలువడింది. అందులో రాజ్యాంగం గీసిన హద్దుల గురించి వివరంగా వాదించారు. వాదన చదవదగిందే. అయితే ఎన్నో భాషలు తెలిసినవాడు మాట్లాడవలసిన రోజు ఏ భాషలోనూ గట్టిగా మాట్లాడలేదన్న నొప్పి మహబూబాబాద్‌లోనైనా, హైదరాబాద్ పాత బస్తీలోనైనా చాలా ఇండ్లలో ఇంకా ఉంది. 2024లో ఆయనకు భారతరత్న వచ్చినప్పుడు కూడా ఆ ఇండ్లలో గర్వం, బాధ రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి. సాహిత్యం మనిషికి చెవినిస్తుంది. గుండె ధైర్యం ఇస్తుందన్న గ్యారంటీ లేదు. ఈ సంగతి దాచి దౌత్యం గొప్పతనం చెప్పడం పాఠకుణ్ణి మోసం చేయడమే.

ఇదే కాలంలో, ఇదే నేల మీద ఏ పదవీ లేకుండా రాయబారం నడిపిన మనిషి ఒకరున్నారు. దాశరథి కృష్ణమాచార్య. 1925 జూలై 22న నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో, సంప్రదాయ వైష్ణవ పండితుల ఇంట్లో పుట్టారు. బడిలో ఉర్దూ. నిజాం పాలన మీద కవిత్వం రాసినందుకు జైలుకు పంపారు. నిజామాబాద్ జైలు గోడ మీద పండ్లు తోముకునే బొగ్గుతో పద్యాలు రాసిన ముచ్చట తెలంగాణలో అందరికీ తెలుసు. అక్కడ వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనతో పాటే ఉన్నారు.

అట్లాంటి మనిషికి ఉర్దూ మీద పగ పుట్టాలి. తనను బంధించిన వారంటు ఆ భాషలోది, జైలు రికార్డు ఆ భాషలోది. కానీ 1961లో ఆయన "గాలిబ్ గీతాలు" తెచ్చారు. తనను జైల్లో పెట్టిన రాజు వేరు, గాలిబ్ వేరు అని వేరు చేసి చూడగలిగారు. ఇది చిన్న విషయం కాదు. రాజ్యం మీద కోపం భాష మీదికి, భాష మీది కోపం ఆ భాష మాట్లాడే పక్కింటివాళ్ళ మీదికి పారడం ఎంత తేలికో ఈ దేశం చాలాసార్లు చూసింది.

ఆ పని ఎంత కష్టమో ఉర్దూ తెలిసిన పాఠకుడికి చెప్పక్కర్లేదు. షేర్ రెండు పాదాలే. మొదటి పాదం ఒక మాట లేవనెత్తుతుంది, రెండోది విన్నవాడు అనుకోని వైపు తిప్పుతుంది. రదీఫ్, ఖాఫియా ఆ తిరుగుడుకు తాళం వేస్తాయి. తెలుగు పద్యానికి యతి, ప్రాస ఉన్నాయి గానీ ఆ తాళం వేరు. సాఖీ, మైఖానా, వాయిజ్ అనేవి తెలుగువాడి చెవికి కొత్త. సంస్కృత సమాసాలు పెడితే గాలిబ్ పురాణ పండితుడైపోతాడు, ఉర్దూ మాటలే ఉంచేస్తే తెలుగువాడు గడప దగ్గరే ఆగిపోతాడు. దాశరథి గజల్ చట్టం వదిలేసి, గీతం అనే తెలుగు పాత్రలో పోశారు. కొంత కారిపోయింది, నిజమే. ఉర్దూలో గాలిబ్‌ను చదివినవాళ్ళు ఎక్కడెక్కడ కారిందో చూపించగలరు. అయినా గాలిబ్ ఎవరో తెలియని లెక్కలేనంత మంది తెలుగువాళ్ళు ఆ పుస్తకంతోనే ఆయన ఇంటి తలుపు తట్టారు. తర్వాత తెలుగులో నేరుగా గజల్ రాసిన తొలితరంలో కూడా దాశరథి ఉన్నారు. తమ్ముడు రంగాచార్య నవలల్లో పాత్రల నోట ఉర్దూ అట్లాగే వినపడుతుంది, దానికి ఆయన క్షమాపణ చెప్పుకోలేదు.

అసలు సిసలు రాయబారులు కూడా మన రాజధాని నుంచి వెళ్ళారు. హైదరాబాద్‌లో పుట్టిన ఆబిద్ హసన్ సఫ్రానీ జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ సుభాష్ చంద్ర బోస్ దగ్గర చేరారు. 1943లో ఆయనతో పాటు జలాంతర్గామిలో ప్రయాణించారు. "జై హింద్" అనే పలకరింపు ఆయన ఆలోచనే అంటారు. ఠాగూర్ గీతం ఆధారంగా ఆజాద్ హింద్ ఫౌజ్ కోసం తయారైన హిందుస్తానీ గీతం రాసిందీ ముంతాజ్ హుస్సేన్‌తో కలిసి ఆయనే. వేర్వేరు మతాల, వేర్వేరు భాషల సిపాయిలు కలిసి పాడుకోవాలంటే ఏ మాటలు వాడాలన్నది వాళ్ళ ముందున్న సమస్య. అదే మనిషి స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ సర్వీసులో చేరి డెన్మార్క్‌లో రాయబారిగా పనిచేసి, 1969లో రిటైరై హైదరాబాద్ తిరిగొచ్చారు. ఉస్మానియా వైస్‌చాన్సలర్‌గా చేసిన నవాబ్ అలీ యావర్ జంగ్ సూయెజ్ గొడవ రేగిన 1956లో ఈజిప్టులో మన రాయబారి. తర్వాత ఫ్రాన్స్, అమెరికాల్లో పనిచేశారు.

ఇప్పటి పిల్లల సంగతి ఏంటి? ఇండియన్ ఫారిన్ సర్వీసుకు దారి యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే. ప్రిలిమ్స్ ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది గానీ మెయిన్స్ తెలుగులోనైనా ఉర్దూలోనైనా రాయవచ్చు. తెలుగు సాహిత్యం, ఉర్దూ సాహిత్యం రెండూ ఆప్షనల్ సబ్జెక్టుల జాబితాలో ఉన్నాయి. సర్వీసులోకి వచ్చాక ప్రతి అధికారీ ఒక విదేశీ భాష నేర్చుకుని పరీక్ష పాస్ కావాల్సిందే. అరబ్బీ, ఫార్సీ ఆ జాబితాలోవే. ఉర్దూ లిపి చదవగలిగే పిల్లకు ఈ రెండింటి అక్షరాలు సగం పరిచయమే. భూపాలపల్లిలోనో తొర్రూరులోనో ఇంట్ల ఉర్దూ, బజార్ల తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది పెద్ద పెట్టుబడి. కానీ ఆ పెట్టుబడి కరిగిపోతోంది. ఉర్దూ మాట్లాడతారు, లిపి రాదు. తెలుగు మాట్లాడతారు, పేపరు చదవరు. తల్లిదండ్రులు రెండింటినీ పక్కన పెట్టి ఇంగ్లీషు ఒక్కటి చాలనుకుంటున్నారు. దాశరథి తరానికి బలవంతంగా దొరికింది ఈ తరానికి ఉచితంగా దొరుకుతుంటే వద్దంటున్నట్టుంది.

దీని అవసరం ఎంబసీ విందుల్లో కాదు, కౌంటర్ల దగ్గర తెలుస్తుంది. రియాద్‌లోనో జెద్దాలోనో మన దఫ్తరు ముందుకు తెలంగాణ డ్రైవర్ ఒకడు వచ్చాడనుకుందాం. "మా కఫీల్ అకామా రెన్యువల్ చేస్తలేడు, ఆరు నెలల పైసలు ఆపిండు, ఇచ్చినంకనే నేను పోత" అంటాడు. అలసిపోయిన గుమస్తా దాన్ని "ఇతను ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాడు" అని రాసుకోగలడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ వాక్యం అరబ్బీలోకి పోతే అది ఎగ్జిట్ కోసం వినతి అవుతుంది, జీతం దావా కాదు. మనిషి విమానం ఎక్కుతాడు, ఆరు నెలల కష్టం అక్కడే ఉండిపోతుంది. "ఇచ్చినంకనే" అన్న మాటలోని ఆ చివరి అక్షరం బరువు తెలిసిన అధికారి మాత్రం ముందు జీతం సంగతి రాసి, ప్రయాణం సంగతి రెండో పేరాలో పెడతాడు.